గాలిలో పోదామా, నీటిమీద పోదామా?

కోనరావుపేట మండలంలో గానీ, పక్కనున్న జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో గానీ దుబాయి మాట వినబడని ఊరు ఉండదు. ఒకప్పుడు మన నేత కార్మికులు బతుకుదెరువు కోసం బొంబాయికి, భీవండికి, షోలాపూర్‌కు వెళ్లేవారు. 1970ల తర్వాత గల్ఫ్ దేశాలకు దారి తెరుచుకుంది. ఈనాడు మన ఇళ్లలోని అన్నలు, బాబాయిలు, మామలు సముద్రం దాటి వెళ్లి వస్తూనే ఉన్నారు. అందరూ విమానంలోనే వెళ్తున్నారు, విమానంలోనే వస్తున్నారు.

సైన్సు పాఠం శ్రద్ధగా విన్న విద్యార్థికి ఇక్కడ ఒక సందేహం రావాలి. ఓడ నీటిమీద తేలుతుంది. దాన్ని మోయడానికి ఇంజను అక్కరలేదు, నీరే మోస్తుంది. విమానం గాలిలో నిలబడాలంటే క్షణక్షణం ఇంధనం కాలుతూ ఉండాలి. అంటే ఓడ ప్రయాణమే చౌక కావాలి గదా! మరి మనవాళ్లు ఓడల్లో ఎందుకు పోవడం లేదు? రెండో సందేహం ఇంకా సరదాగా ఉంటుంది. కారు ఉన్నట్టే ఎవరికైనా సొంతంగా ఒక చిన్న విమానం ఉంటే, దానిమీద దుబాయి పోవచ్చునా?

ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పెద్ద పెద్ద సూత్రాలు అక్కరలేదు. గుణకారం, భాగహారం వస్తే చాలు. పెన్సిలు, కాగితం పట్టుకుని నాతోపాటు లెక్క వేయండి.

ముగ్గురు పోటీదారులు

మన పోటీలో ముగ్గురున్నారు. మొదటిది చిన్న విమానం. అమెరికాలో తయారైన సెస్నా 172 అనే విమానాన్ని తీసుకుందాం. 1956 నుంచి ఇప్పటిదాకా ఇలాంటివి 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇన్ని తయారైన విమానం మరొకటి లేదు. నడిపే మనిషితో కలిపి నలుగురు కూర్చోవచ్చు. ముందు ఒక పంకా, దాని వెనుక 160 అశ్వసామర్థ్యం గల పెట్రోలు ఇంజను ఉంటాయి. సిరిసిల్లలో ఒక మరమగ్గాన్ని తిప్పే మోటారు సాధారణంగా 1 అశ్వసామర్థ్యం గలది. అంటే 160 మగ్గాలను తిప్పే బలం ఈ ఒక్క ఇంజనులో ఉందన్నమాట.

రెండోది పెద్ద విమానం. శంషాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాటిలో చాలావరకు ఎయిర్‌బస్ 320 వంటివే. ఇందులో సుమారు 180 మంది పడతారు. రెండు జెట్ ఇంజన్లు ఉంటాయి. ఒక్కొక్కటీ సుమారు 12 టన్నుల బరువును ఎత్తగలిగినంత బలంతో విమానాన్ని ముందుకు తోస్తుంది.

మూడోది ప్రయాణికుల ఓడ. క్వీన్ ఎలిజబెత్ 2 అనే ఓడను తీసుకుందాం. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1969లో మొదటి ప్రయాణం చేసి, దాదాపు 40 ఏళ్లు సముద్రాలన్నీ తిరిగిన ఈ ఓడ 2008లో విశ్రాంతి తీసుకుని దుబాయి చేరింది. 2018 నుంచి అక్కడి రషీద్ రేవులో హోటలుగా మారి నిలిచి ఉంది. దుబాయిలో ఉన్న మీ బాబాయి సెలవు రోజున వెళ్లి చూడవచ్చు. దీని పొడవు 293 మీటర్లు. సుమారు 1,800 మంది ప్రయాణికులు, వెయ్యిమంది సిబ్బంది ఇందులో పట్టేవారు. 1987లో అమర్చిన దీని డీజిల్ ఇంజన్ల బలం మొత్తం దాదాపు 1,30,000 అశ్వసామర్థ్యాలు. సిరిసిల్ల మగ్గాలన్నిటి మోటార్లను కలిపినా అంత బలం రాదు!

నీరు ఊరికే మోస్తుంది, గాలి ఊరికే మోయదు

చెరువులో తేలుతున్న పెద్ద దుంగను ఒక పిల్లవాడు కూడా తోయగలడు. అదే దుంగ గట్టుమీద ఉంటే నలుగురు మనుషులు కావాలి. ఎందుకు? నీటిలో ఉన్న వస్తువు ఎంత నీటిని పక్కకు నెట్టిందో, అంత నీటి బరువుకు సమానమైన బలం దాన్ని పైకి ఎత్తుతుంది. ఇది మీరు చదువుకున్న ఆర్కిమిడిస్ సూత్రమే. ఓడ కదులుతున్నా, లంగరు వేసి నిలబడినా ఈ బలం పనిచేస్తూనే ఉంటుంది. దానికి చుక్క ఇంధనం ఖర్చు కాదు.

విమానం సంగతి వేరు. గాలి చాలా పలుచన. విమానం పక్కకు నెట్టిన గాలి బరువు దాన్ని మోయడానికి ఏ మూలకూ చాలదు. అందుకని విమానం రెక్కలు వేగంగా ముందుకు దూసుకుపోతూ గాలిని కిందికి నెట్టాలి. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ చెప్పాడు గదా! కిందికి నెట్టబడిన గాలి రెక్కను పైకి నెడుతుంది. విమానం ఆగితే ఈ బలం ఆగిపోతుంది. అందుకే విమానం గాలిలో నిలబడడానికి కూడా నడుస్తూనే ఉండాలి.

ఇంతవరకు పందెం ఓడదే. కానీ ముందుకు కదలడం మొదలుపెట్టగానే కథ మారుతుంది. నీటి సాంద్రత మనచుట్టూ ఉన్న గాలి సాంద్రతకు సుమారు 800 రెట్లు. మోకాలిలోతు మూలవాగులో పరుగెత్తి చూస్తే మీకే తెలుస్తుంది. నెమ్మదిగా నడిస్తే నీరు దారి ఇస్తుంది. పరుగెత్తితే అదే నీరు కాళ్లు పట్టుకుంటుంది. ఓడకు అంతే. వేగం రెట్టింపైతే నీరు అడ్డుకునే బలం దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఇంజను చూపవలసిన సామర్థ్యం సుమారు ఎనిమిది రెట్లవుతుంది. దీనికి తోడు ఓడ ముందుభాగం అలలను లేపుతూ పోతుంది. ఆ అలలను లేపే శక్తి కూడా ఓడ ఇంధనం నుంచే రావాలి.

విమానం ఇక్కడ ఒక తెలివైన పని చేస్తుంది. అడ్డుకునే గాలి తక్కువ ఉన్న చోటికి వెళ్లిపోతుంది. 10, 11 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేలమీద ఉన్నదానిలో మూడో వంతే ఉంటుంది. అక్కడ చలి సున్నాకు 50 డిగ్రీలు దిగువన ఉంటుంది. ఆ పలుచని గాలిలో జెట్ విమానం గంటకు 830 కిలోమీటర్ల వేగంతో సాగిపోతుంది. లోపలి గాలిని యంత్రాలతో ఒత్తిడిలో ఉంచుతారు గనుక ప్రయాణికులు హాయిగా ఊపిరి పీల్చుకోగలుగుతారు.

చిన్న విమానానికి ఈ వీలు లేదు. పైకి వెళ్లినకొద్దీ గాలి పలుచబడి దాని పెట్రోలు ఇంజను బలం తగ్గిపోతుంది. లోపల గాలిని ఒత్తిడిలో ఉంచే ఏర్పాటు కూడా సెస్నా 172లో ఉండదు. కనుక అది సాధారణంగా రెండు మూడు కిలోమీటర్ల ఎత్తులోనే, మబ్బులూ ఈదురుగాలులూ ఉన్న పొరలోనే పోవాలి. జెట్ విమానం చాలా మబ్బులమీదుగా దాటిపోతుంటే, చిన్న విమానం దారి తప్పించుకుని చుట్టూ తిరగవలసి వస్తుంది, లేదా నేలమీదే ఆగిపోవలసి వస్తుంది.

ఇప్పుడు లెక్క

ముగ్గురూ 100 కిలోమీటర్లు ప్రయాణించారనుకుందాం. ఎవరు ఎంత ఇంధనం తాగారు?

సెస్నా గంటకు సుమారు 220 కిలోమీటర్లు పోతుంది, 34 లీటర్ల పెట్రోలు తాగుతుంది. అంటే 100 కిలోమీటర్లకు సుమారు 15 లీటర్లు. నలుగురు కూర్చుంటే మనిషికి 4 లీటర్ల లోపు. ఒక్కడే పోతే మొత్తం 15 లీటర్లూ అతని ఖాతాలోనే.

ఎయిర్‌బస్ 320 గంటకు సుమారు 3,000 లీటర్లు తాగుతుంది. 830 కిలోమీటర్లకు 3,000 లీటర్లయితే 100 కిలోమీటర్లకు 361 లీటర్లు. ఆ సంఖ్య చూసి గుండె గుభేలుమంటుంది. కానీ 180 మందికి పంచండి. మనిషికి 2 లీటర్లే! పైకి ఎక్కేటప్పుడు అయ్యే అదనపు ఖర్చు, ఖాళీగా ఉండే కొన్ని సీట్లు లెక్కలోకి తీసుకుని రెండున్నర లీటర్లు అనుకుందాం.

క్వీన్ ఎలిజబెత్ 2 మామూలుగా 28.5 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 53 కిలోమీటర్లు పోయేది. రోజంతా నడిస్తే సుమారు 1,270 కిలోమీటర్లు. అందుకు దాదాపు 400 టన్నుల నూనె కాలేది. 100 కిలోమీటర్లకు లెక్క కడితే సుమారు 32,000 లీటర్లు. దీన్ని 1,800 మందికి పంచితే మనిషికి దాదాపు 18 లీటర్లు!

ఆశ్చర్యంగా లేదా? గాలిలో ఎగిరేదానికి రెండున్నర లీటర్లు, ఊరికే తేలేదానికి 18 లీటర్లు. ఏడు రెట్లు ఎక్కువ. మరి ఆర్కిమిడిస్ మనకు చేసిన సాయం ఎక్కడికి పోయింది?

బరువు చెప్పిన రహస్యం

సాయం ఎక్కడికీ పోలేదు. మనం లెక్కను మనుషుల మీద వేశాం. అదే లెక్కను బరువు మీద వేసి చూద్దాం.

సెస్నా నిండుగా ఉంటే 1.1 టన్నులు. ఎయిర్‌బస్ సుమారు 78 టన్నులు. క్వీన్ ఓడ బరువు దాదాపు 50,000 టన్నులు. ఒక్కొక్క టన్నును 100 కిలోమీటర్లు తీసుకుపోవడానికి సెస్నాకు దాదాపు 14 లీటర్లు, ఎయిర్‌బస్‌కు 4.6 లీటర్లు, ఓడకు 0.64 లీటరు కావాలి. చూశారా! టన్నుల లెక్కన విమానం కంటే ఓడే ఏడు రెట్లు పొదుపు. ప్రపంచంలో బొగ్గు, ఇనుము, ధాన్యం, ముడి చమురు ఓడల్లోనే ఎందుకు తిరుగుతున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక ఒక్కొక్క ప్రయాణికుడి వెంట ఎంత బరువు కదులుతోందో భాగహారం చేయండి. సెస్నాలో మనిషికి 280 కిలోలు. ఎయిర్‌బస్‌లో 430 కిలోలు. క్వీన్ ఓడలో దాదాపు 28 టన్నులు!

రహస్యం ఇదే. విమానం మనిషికి ఒక కుర్చీ మాత్రం ఇస్తుంది. ఓడ అతనికి గది, మంచం, స్నానాల గది, భోజనశాల, ఈతకొలను, సినిమా హాలు ఇస్తుంది. వాటన్నిటినీ మోసే ఉక్కును కూడా వెంట తీసుకుపోతుంది. పెట్టె పట్టుకుని బస్సెక్కేవాడికీ, ఇల్లంతా ఎడ్లబండిమీద వేసుకుని పోయేవాడికీ ఉన్నంత తేడా ఇది. ఏడు రెట్ల పొదుపు, 65 రెట్ల బరువు ముందు ఏపాటిది?

ఇక్కడ మీరొక ఆక్షేపణ చెప్పవచ్చు. "క్వీన్ ఓడ చాలా వేగంగా పోయేది గదా! మెల్లగా నడిపితే?" అని. మంచి ప్రశ్న. వేగాన్ని సగానికి తగ్గిస్తే నీటి అడ్డుబలం నాలుగో వంతుకు పడిపోతుంది. 18 లీటర్లు నాలుగున్నరకు దిగుతాయి. ఈనాటి విహార నౌకలు తక్కువ వేగంతో నడవడానికి ఇదొక కారణం. కానీ సగం వేగంతో పోతే ప్రయాణానికి రెట్టింపు రోజులు పడుతుంది. అన్ని రోజులూ దీపాలు వెలగాలి, వంట సాగాలి, గదులు చల్లబడాలి. ఆ ఖర్చు పెరుగుతుంది. మొత్తం మీద విమానపు లెక్కకు దిగడం కష్టమే.

డెక్కుమీద పోయిన రోజులు

అయితే మనుషులు ఓడల్లో చౌకగా పోయిన రోజులు లేవా? ఉన్నాయి. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీకి ద్వారక అనే ఓడ ఉండేది. 1947లో తయారైన ఈ ఓడ బొంబాయి, కరాచీ, గల్ఫ్ రేవుల మధ్య 1982 వరకు తిరిగింది. గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగం. వెయ్యికి పైగా ప్రయాణికులను డెక్కు తరగతిలో ఎక్కించుకునేది. అంటే గది లేదు, మంచం లేదు. చాప పరచుకున్నంత చోటే వారి చోటు. ఓడ చిన్నది, మనుషులు ఎక్కువ, వేగం తక్కువ. మనిషికి వచ్చే బరువూ తక్కువే, ఇంధనమూ తక్కువే. కూలికి పోయేవాడు కొనగలిగిన టిక్కెట్టు అలా సాధ్యమైంది.

ఆ చౌకకు చెల్లించిన మూల్యం రోజుల్లో ఉండేది, ఇరుకులో ఉండేది, ఒక్కోసారి ప్రాణాల్లో ఉండేది. ద్వారకకు తోబుట్టువు వంటి దారా అనే ఓడలో 1961 ఏప్రిల్ 8న దుబాయి సమీపంలో పేలుడు జరిగి నిప్పంటుకుంది. 238 మంది చనిపోయారు. ఇంకా వెనక్కు వెళితే, 1860లో మద్రాసు నుంచి మొదటి ఒప్పంద కూలీలను దక్షిణాఫ్రికాకు తీసుకుపోయిన ట్రూరో ఓడ డర్బన్ చేరడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఓడలో తెలుగువారూ ఉన్నారు. వారిలో ఎంతమంది మళ్లీ తమ ఊరిని చూసుకోగలిగారు?

కాలం కూడా ఖర్చే

కనుక ఇంధనం ఒక్కటే లెక్క కాదు, కాలాన్ని కూడా లెక్కించాలి. ముంబయి నుంచి దుబాయికి గాలిలో సుమారు 1,930 కిలోమీటర్లు. సముద్రం మీద సుమారు 2,200. జెట్ విమానానికి మూడు గంటల లోపు. క్వీన్ వంటి వేగవంతమైన ఓడకు 42 గంటలు. ద్వారక వేగంతో అయితే మధ్య రేవుల్లో ఎక్కడా ఆగకపోయినా 88 గంటలు, అంటే దాదాపు నాలుగు రోజులు. ముంబయి చేరడానికి మన ఊరి నుంచి పట్టే రోజు దీనికి అదనం.

గల్ఫ్‌లో పనిచేసే మనిషికి నెల రోజుల సెలవు దొరికిందనుకోండి. అలాంటి ఓడలో వస్తే రానూ పోనూ పది రోజులు దారిలోనే పోతాయి. బిడ్డ పెళ్లి పనులకు మిగిలేవి 20 రోజులే. ఇంట్లో తండ్రి పోయాడని కబురు వస్తే ఈనాడు, సెలవూ టిక్కెట్టూ దొరికినవాడు మర్నాటికల్లా ఊరు చేరి పాడె మోయగలుగుతున్నాడు. ఓడల కాలంలో అది జరిగే పని కాదు. మనవాళ్లకు విమానం విలాసం కాదని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

పెద్ద ఓడల పని అందుకే మారిపోయింది. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ సముద్రాన్ని దాటడం మొదలుపెట్టాక, ఊరు చేరడానికి ఓడ ఎక్కేవారు తగ్గిపోయారు. మిగిలినవి విహార నౌకలు. 2022 జూన్‌లో విశాఖపట్నం రేవుకు కార్డేలియా సంస్థవారి ఎంప్రెస్ అనే విహార నౌక వచ్చి, ప్రయాణికులను ఎక్కించుకుని చెన్నై వైపు వెళ్లింది. అలాంటి ఓడ ఎక్కేవారికి చేరవలసిన ఊరు ముఖ్యం కాదు. ఓడే వారి ఊరు. దాన్ని ప్రయాణ సాధనం అనేకంటే కదిలే హోటలు అనడం సబబు.

మరి సొంత విమానం సంగతి?

సెస్నా ట్యాంకు నిండా పోస్తే సుమారు 200 లీటర్లు. గంటకు 34 లీటర్ల చొప్పున ఆరు గంటల లోపే ఖాళీ అవుతుంది. ఎప్పుడూ కొంత నిల్వ మిగుల్చుకోవాలి గనుక 1,100 కిలోమీటర్లకు మించి పోలేదు. హైదరాబాద్ నుంచి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. మధ్యలో సముద్రం. ఉన్నది ఒకే ఇంజను. అది ఆగితే దిగడానికి నేల ఉండదు. కనుక ఆ ఆశ వదులుకోవలసిందే. హైదరాబాద్ నుంచి ముంబయి దాకా అయితే మూడు గంటల్లో చక్కగా పోవచ్చు.

భద్రత కూడా చూడాలి. అమెరికాలో చిన్న విమానాల లెక్కల ప్రకారం, దాదాపు ప్రతి లక్ష గంటల ఎగురుడుకు ఒక ప్రాణాంతక ప్రమాదం జరుగుతోంది. సంస్థలు నడిపే పెద్ద విమానాల్లో అటువంటి ప్రమాదం లక్షల ప్రయాణాలకు ఒకటి కూడా ఉండదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగిన ఘోరం 260 మందిని బలి తీసుకుంది. అటువంటి వార్త వినగానే మన గుండె జారిపోతుంది. అయినా మొత్తం లెక్క చూస్తే రెండు ఇంజన్లు, ఇద్దరు చోదకులు, నేలమీది నుంచి దారి చూపే వ్యవస్థ, మాటిమాటికి తనిఖీ, ఇవన్నీ ఉన్న పెద్ద విమానమే మూడు రకాల్లో గట్టి నమ్మకం గల వాహనాల్లో ఒకటి.

అయితే చిన్న విమానం పనికిరానిదా? కాదు. అది ఐదారు వందల మీటర్ల చదునైన నేలమీద దిగగలదు. పెద్ద విమానం దిగలేని చోటుకు పోగలదు. ఆస్ట్రేలియాలో 1928 నుంచి వైద్యులు చిన్న విమానాల్లో ఎగిరి, రోడ్డు కూడా సరిగా లేని మారుమూల కుటుంబాలకు వైద్యం చేస్తున్నారు. ఎంత పెద్ద విమానాన్ని నడిపే చోదకుడైనా మొదట పాఠం నేర్చుకునేది ఇలాంటి చిన్న విమానంలోనే. మన దేశంలో 17 ఏళ్లు నిండినవారు, కనీసం 40 గంటలు ఎగిరి, పరీక్షలు నెగ్గితే సొంతంగా నడిపే లైసెన్సు పొందవచ్చు. లెక్కలు, భౌతిక శాస్త్రం బాగా చదివే పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. విమానంలో వెనుక కుర్చీలో కూర్చుని పోవడమే కాదు, ముందు కుర్చీలో కూర్చోవడం కూడా మన ఊరి పిల్లలకు సాధ్యమే.

ఏది మంచిది?

పని కోసం దూరం పోయే మనిషికి పెద్ద విమానం మంచిది. సరుకుకు ఓడ మంచిది. దారిలేని చోటికి, చదువుకునేవాడికి చిన్న విమానం మంచిది. విహార నౌక సరదాకు మంచిది, కానీ ఆ సరదాకు అయ్యే ఇంధనం తెలిసి ఎక్కడం ఇంకా మంచిది. ఒక లీటరు విమాన ఇంధనం కాలితే సుమారు రెండున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ముంబయి నుంచి దుబాయికి విమానంలో మనిషి వంతు ఇంధనం సుమారు 48 లీటర్లు. క్వీన్ వంటి ఓడలో దాదాపు 400 లీటర్లు. వాటి పొగ ఎంతో మీరే గుణించి చూసుకోండి.

చివరగా ఒక లెక్క మీకు వదిలిపెడుతున్నాను. మన ఆర్టీసీ బస్సు ఒక లీటరు డీజిలుకు సుమారు 5 కిలోమీటర్లు పోతుందనుకోండి. అందులో 50 మంది ఉన్నారు. 100 కిలోమీటర్లకు మనిషికి ఎంత డీజిలు పడుతుంది? పైన చెప్పిన మూడింటి పక్కన ఆ సంఖ్యను రాయండి. తర్వాత బస్సులో ఐదుగురే ఉంటే ఏమవుతుందో కూడా రాయండి. ప్రతి వాహనాన్నీ ఏ ప్రశ్న అడగాలో అప్పుడు మీకే తెలుస్తుంది. "నువ్వెంత తాగుతావు?" అని అడిగితే చాలదు. "ఎంతమందిని మోస్తూ తాగుతావు?" అని కూడా అడగాలి.